నేల మోసే పాత భారం: జర్మనీలో ఇళ్ళ అమ్మకం, చెప్పవలసిన బాధ్యత

1983లో పశ్చిమ జర్మనీలోని బీలెఫెల్ట్ నగర శివారు బ్రాకె పేరు ఉన్నట్టుండి దేశమంతటా వినిపించింది. అక్కడివి బ్యాంకు అప్పుతో, ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో మధ్యతరగతి కుటుంబాలు కట్టుకున్న ఇళ్ళు. వాటి కింద ఒకప్పుడు ఇటుకల కర్మాగారం కోసం మట్టి తవ్విన గొయ్యి ఉండేది. తవ్వకం ఆగిన తరువాత ఆ గోతిని ఊరి చెత్తతోనూ, పరిశ్రమలు వదిలిన వ్యర్థాలతోనూ నింపి పైన మట్టి కప్పారు. కొన్నేళ్ళకు నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని నివాసప్రాంతంగా ప్రకటించింది. స్థలాలు అమ్ముడుపోయాయి, ఇళ్ళు లేచాయి, పెరళ్ళలో కూరగాయలు పండాయి. నేల లోపల ఏముందో బయటపడేనాటికి ఆ ఇళ్ళను కొనేవారు లేరు. వాటిలో నిశ్చింతగా నివసించగలిగినవారూ లేరు.

ఇల్లు కట్టి చూడమన్న తెలుగు సామెత కట్టడంలోని కష్టాన్నే దృష్టిలో పెట్టుకొంది. కట్టిన ఇంటి కింద మరొకరి పాపం పాతిపెట్టి ఉండవచ్చునన్న అనుమానం పారిశ్రామిక యుగం తెచ్చిపెట్టినది. ఆ పాపం గురించి ఎవరికి తెలుసు, తెలిసినవారు ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే నష్టం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు జర్మనీ న్యాయస్థానాలు, శాసనకర్తలు గత నలభై ఏళ్ళలో వెతుక్కున్న సమాధానాల చరిత్ర ఇది. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడి సొంత ఇంటి గురించి ఆలోచిస్తున్న కుటుంబాలకు ఇది కేవలం చరిత్ర కాదు.

'ఆల్ట్‌లాస్టెన్' అన్న మాట

కలుషితమైన పాత స్థలాలను జర్మన్ భాషలో 'ఆల్ట్‌లాస్టెన్' అంటారు. మాటకు మాటగా చెప్పాలంటే 'పాత భారాలు'. పర్యావరణ వ్యవహారాలలో ఈ మాటను వాడుకలోకి తెచ్చింది ప్రభుత్వానికి సలహాలిచ్చే పర్యావరణ నిపుణుల మండలి. 1978 నాటి నివేదికలో దానిని ప్రయోగించింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరంలో లవ్ కెనాల్ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1980లో నెదర్లాండ్స్‌లోని లెక్కెర్‌కెర్క్ గ్రామంలో రసాయనాల పీపాలు పాతిన నేలపై కట్టిన సుమారు 270 ఇళ్ళను ఖాళీ చేయించారు. మూడు దేశాలలోనూ కథ ఒకటే: యుద్ధానంతరం ఇళ్ళకు గిరాకీ పెరిగింది, ఊళ్ళు విస్తరించాయి, నిన్నటి చెత్తకుప్ప నేటి వీధి అయింది.

లవ్ కెనాల్ ఉదంతంలో ఒక వివరం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. 1953లో హుకర్ రసాయన సంస్థ ఆ స్థలాన్ని స్థానిక పాఠశాలల బోర్డుకు ఒక్క డాలరుకు రాసి ఇచ్చింది. నేలలో రసాయన వ్యర్థాలు ఉన్నాయని దస్తావేజులో రాసే ఇచ్చింది. అంటే చెప్పవలసిన మాట చెప్పింది. అయితే ఆ మాట ఆ దస్తావేజు దగ్గరే ఆగిపోయింది. ఆ పరిసరాలలో తరువాత ఇళ్ళు కొన్న కుటుంబాల చెవిదాకా రాలేదు. ఒక చేతి నుండి మరొక చేతికి మారినప్పుడల్లా నేల చరిత్రలో కొంత జారిపోతుంది.

జర్మనీలో ఈ జారిపోవడానికి మరొక కారణం ఉంది. అక్కడి నేల రెండు ప్రపంచయుద్ధాలను, రూర్ ప్రాంతపు బొగ్గును, ఉక్కును మోసింది. డోర్ట్‌ముండ్ నగరంలోని డోర్స్ట్‌ఫెల్ట్‌లో పాత బొగ్గుగనికి చెందిన కోక్ తయారీ కర్మాగారం ఉన్న స్థలంలో ఇళ్ళు కట్టారు. తారు, బెంజీన్ అవశేషాలు 1980ల తొలినాళ్ళలో బయటపడ్డాయి. హెస్సె రాష్ట్రంలోని స్టాట్‌అల్లెన్‌డోర్ఫ్ కథ ఇంకా విషాదకరమైనది. నాజీల కాలంలో అడవి చాటున అక్కడ పేలుడు పదార్థాల కర్మాగారాలు వెలిశాయి. వేలాదిమంది చేత వెట్టిచాకిరీ చేయించారు. 1944 ఆగస్టులో ఔష్‌విట్జ్ నుండి 1,000 మంది యూదు స్త్రీలను అక్కడికి తరలించారు. యుద్ధం ముగిశాక తూర్పు ప్రాంతాల నుండి తరిమివేయబడిన జర్మన్ శరణార్థులు ఆ కర్మాగారాల భవనాలలోనే, వాటి మధ్యనే కాపురాలు పెట్టారు. 1960లో అది పట్టణమైంది. టీఎన్‌టీ అవశేషాలు మాత్రం పెరళ్ళ కింద ఉండిపోయాయి. 1990లలో రాష్ట్రప్రభుత్వ ధనంతో మొదలైన శుద్ధి పని పూర్తికావడానికి దశాబ్దానికి పైగా పట్టింది. నివసిస్తున్నవారు ఉండగానే, వారి తోటల మట్టిని తవ్వి తీసి, మంచి మట్టి నింపవలసివచ్చింది.

మౌనం మోసమయ్యే చోటు

జర్మన్ పౌరస్మృతి 1896లో ఆమోదం పొంది 1900 జనవరి 1న అమలులోకి వచ్చింది. స్థిరాస్తి అమ్మకం నోటరీ ఎదుట దస్తావేజుగా రాయకపోతే చెల్లదని అది నిర్దేశించింది. ఈ నోటరీ తెలుగునాట కోర్టుల ముందు స్టాంపు వేసే నోటరీ కాదు. ఇరుపక్షాలకూ సమదూరంలో నిలిచి, దస్తావేజును మొదటి నుండి చివరి దాకా చదివి వినిపించి, అర్థం వివరించవలసిన న్యాయాధికారి. కొనేవారికి జర్మన్ భాష తగినంత రాదని తేలితే అనువాదం చేసి వినిపించాలని కూడా చట్టం చెబుతుంది. కాని నోటరీ నేలను పరీక్షించడు. కాగితంలో ఉన్నది కొన్నవారికి అర్థమైందా లేదా అన్నదే అతని పని; కాగితంలో లేనిది అతని పరిధిలోకి రాదు.

పాత ఇళ్ళ దస్తావేజులలో దాదాపు తప్పనిసరిగా కనిపించే వాక్యం ఒకటుంది: ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా, చూసుకొని కొన్నట్టుగా అమ్ముతున్నామనీ, లోపాలకు అమ్మకందారుకు బాధ్యత లేదనీ దాని సారాంశం. చట్టం దీనిని అనుమతిస్తుంది. అయితే ఒక తలుపు మాత్రం తెరిచి ఉంచింది. లోపాన్ని తెలిసి దాచిపెట్టిన అమ్మకందారు ఈ వాక్యం చాటున దాక్కోలేడు. 1900 నాటి స్మృతిలోనే ఉన్న ఈ సూత్రం 2002 జనవరి 1న వచ్చిన సంస్కరణ తరువాత 444వ సెక్షనుగా కొనసాగుతోంది.

తెలుగు పాఠకులకు ఇది కొత్త సూత్రం కాదు. 1882 నాటి భారత ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను, తనకు తెలిసి కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మకందారు వెల్లడించాలంటుంది. వెల్లడించకపోవడాన్ని మోసంగా పరిగణిస్తుంది. కొనేవాడే కళ్ళు తెరుచుకొని ఉండాలన్న ఇంగ్లండు సంప్రదాయం నుండి ఆ చట్టం ఆ మేరకు పక్కకు జరిగింది. రెండు దేశాలలోనూ బాధ్యతకు పునాది ఒకటే: అమ్మకందారుకు తెలిసి ఉండటం.

తెలిసి ఉండటం అంటే ఏమిటన్నదే చిక్కుముడి. కార్ల్స్‌రూహే నగరంలోని సమాఖ్య న్యాయస్థానం దీనిని క్రమంగా విప్పుతూ వచ్చింది. దురుద్దేశం ఉండాలని నియమం లేదు. లోపం ఉండవచ్చునని అమ్మకందారుకు తోచి, కొనేవారికి ఆ సంగతి తెలియదనీ, తెలిస్తే ఇదే ఒప్పందానికి రారనీ ఊహించి ఊరుకుంటే చాలు, అది మోసపూరితమైన మౌనమే. ఆధారం లేకుండా, నోటికి వచ్చినట్టు ఇచ్చిన హామీ కూడా అంతే. 'ఈ నేలలో ఏ సమస్యా లేదు' అని ఏమీ తెలియకుండా చెప్పిన మాటను జర్మన్ న్యాయభాషలో 'నీలిమలోకి విసిరిన మాట' అంటారు. అలా విసిరినవారు దాని ఫలితాన్ని భరించాలి.

1991 జులైలో వచ్చిన తీర్పు, స్థలం ఒకప్పుడు అనుమతిలేని చెత్తకుప్పగా ఉండేదన్న సంగతిని అమ్మకందారు అడగకపోయినా చెప్పాలన్నది. 2000లో మరొక అడుగు పడింది: స్థలంలో ఒకప్పుడు పరిశ్రమ ఉండేదని కొన్నవారికి తెలిసినంత మాత్రాన, కాలుష్యం ఉందని వారికి తెలిసినట్టు కాదు. నిజంగా కాలుష్యం సంగతి తెలిసిన అమ్మకందారు అనుమానం అనే ముసుగు వేసి ఊరుకోరాదు. 2017 జులైలో న్యాయస్థానం అనుమానానికే హోదా ఇచ్చింది. పాత వాడకం కారణంగా నేల కలుషితమై ఉండవచ్చునన్న అనుమానం ఉంటే, పరీక్షలలో విషం తేలకముందే అది ఆస్తిలోని లోపం. అనుమానం పడిన నేల మార్కెట్లో విలువ కోల్పోతుందన్న లోకజ్ఞానాన్ని న్యాయం అంగీకరించింది.

నగరం పెట్టిన గీత

అమ్మకందారు ఒక్కడే తెలిసినవాడు కాదు. బ్రాకె వంటి చోట్ల చెత్త పోసిన సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసినది ఊరి యంత్రాంగానికే. ఎక్కడ ఇళ్ళు రావచ్చో ప్లానులో గీత గీసిందీ అదే. 1989 జనవరి 26న బ్రాకె వ్యవహారంలో సమాఖ్య న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఆ గీతకు బరువు తెచ్చింది. ఆరోగ్యానికి ప్రమాదకరమైన నేలను నివాసానికి కేటాయించకుండా చూడటం నగర ప్రతినిధుల అధికారిక విధి అనీ, ఆ విధి సాధారణ ప్రజాశ్రేయస్సు కోసం మాత్రమే కాక, అక్కడ ఇల్లు కట్టుకొని నివసించబోయే ప్రతి వ్యక్తి పట్లా ఉన్నదనీ అది స్పష్టం చేసింది. అందువల్ల కాలుష్యం సంగతి తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండి కూడా పట్టించుకోకపోతే నగరం నష్టపరిహారం చెల్లించాలి.

దీనికొక హద్దు కూడా ఉంది. రక్షణ ఆరోగ్యానికి సంబంధించిన ప్రమాదానికే. నేల గట్టిదనం లేక పునాదికి అదనపు ఖర్చు అయిందన్న వంటి కేవల ఆర్థిక నష్టాలకు కాదు. ప్లాను వేసినవాడు నేలకు పూచీదారు కాడు. మనుషుల ప్రాణాలకు మాత్రం పూచీదారు. ఈ తీర్పుకు రెండేళ్ళ ముందు, 1987లో అమలులోకి వచ్చిన నిర్మాణ స్మృతి, ప్రమాదకర పదార్థాలతో బాగా కలుషితమైన స్థలాలను ప్లానులో గుర్తించి చూపాలన్న నియమాన్ని చేర్చింది. బ్రాకె, డోర్స్ట్‌ఫెల్ట్ కుటుంబాలు పడిన వేదనకు శాసనపుస్తకంలో మిగిలిన జాడలలో అదొకటి.

గోడలో ఉన్న విషం

నేల కింద దాగినది ఒక రకమైతే, గోడలో కలిసిపోయినది మరొక రకం. 1970లలో జర్మన్ ఇళ్ళలో చెక్క పలకలతో లోపలి గోడలను అలంకరించడం ఫ్యాషను. ఆ చెక్కకు పురుగు పట్టకుండా పీసీపీ, లిండేన్ ఉన్న ద్రావణాలు పూశారు. ఏళ్ళ తరువాత ఆ ఇళ్ళలో నివసించినవారు అంతుచిక్కని అనారోగ్యాలతో వైద్యుల చుట్టూ తిరిగారు. 1989లో పీసీపీని నిషేధించారు. తయారీ సంస్థ నిర్వాహకులకు 1993లో ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానం శిక్ష వేసింది. 1995లో సమాఖ్య న్యాయస్థానం ఆ తీర్పును రద్దుచేసింది. అదే 1993లో ఆస్బెస్టాస్ నిషేధం కూడా సంపూర్ణమైంది.

నిషేధం కొత్త ఇళ్ళకు. అప్పటికే కట్టిన లక్షలాది ఇళ్ళ సంగతేమిటి? 2009 మార్చి 27న వచ్చిన తీర్పు ఈ ప్రశ్నకు సంబంధించినది. 1980లో నిర్మించిన ఒక ఇంటి వెలుపలి గోడలకు ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు ఉన్నాయి. కట్టిననాడు అవి చట్టబద్ధమైన, అందరూ వాడే సామగ్రి. నాటి ప్రమాణాల ప్రకారం లోపం లేని ఇల్లు నేడు లోపమున్న ఇల్లు అవుతుందా? అవుతుందన్నది న్యాయస్థానం. అయితే ఆస్బెస్టాస్ ఉండటమే చాలదు. ఇంటిని మామూలుగా వాడుకొనేటప్పుడు, సగటు గృహస్థు తన చేతులతో చేసుకొనే సాధారణ మరమ్మతుల సందర్భంలో కూడా ఆ నారలు వెలువడే గట్టి ప్రమాదం ఉండాలి. అలా ఉన్నప్పుడు, సంగతి తెలిసిన అమ్మకందారు చెప్పి తీరాలి. గోడకు మేకు దిగ్గొట్టడం, రంధ్రం చేయడం కూడా ఇంటిలో నివసించడంలో భాగమేనని గుర్తించిన తీర్పు ఇది.

శుద్ధి ఖర్చు ఎవరి నెత్తిన?

1998 మార్చిలో చేసిన సమాఖ్య నేల సంరక్షణ చట్టం 1999 మార్చి 1న అమలులోకి వచ్చింది. కలుషిత నేలను శుద్ధి చేయవలసినవారి వరుసను అది నిర్ణయించింది: కాలుష్యానికి కారకుడు, అతని వారసుడు, ప్రస్తుత యజమాని, ఆ స్థలాన్ని అనుభవిస్తున్నవాడు. అంటే ఏ పాపమూ ఎరుగక ఇల్లు కొన్న కుటుంబాన్ని కూడా అధికారులు శుద్ధికి ఆదేశించవచ్చు. చట్టం అమలులోకి వచ్చిన తరువాత ఆస్తిని అమ్మిన పాత యజమాని, కాలుష్యం సంగతి తెలిసినా, తెలుసుకోవలసి ఉన్నా, అమ్మేసినంత మాత్రాన తప్పించుకోలేడని కూడా అదే సెక్షను చెప్పింది.

ఈ భారం ఎంతదాకా? 2000 ఫిబ్రవరి 16న సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం దీనికి కొలమానం ఇచ్చింది. కాలుష్యానికి కారకుడు కాని యజమానిపై వేసే ఖర్చుకు సాధారణంగా ఆ ఆస్తి మార్కెట్ విలువే హద్దు. ఆ ఇల్లే కుటుంబపు ఆస్తిలో ప్రధానమైన భాగమైతే, ఆ హద్దుకు లోబడిన ఖర్చు సైతం మోయరానిది కావచ్చు. కాని ప్రమాదం తెలిసి కొన్నవారికి ఈ జాలి తగ్గుతుంది. విలువను మించిన ఖర్చు కూడా వారి మీద పడవచ్చు. ఇక్కడ వెల్లడి చేయడం రెండంచుల కత్తి అవుతుంది. అమ్మకందారు చెప్పిన మాట కొన్నవారికి రక్షణ మాత్రమే కాదు. విని, ధర తగ్గించుకొని సంతకం చేసినవారు ఆ క్షణం నుండి 'తెలిసినవారు' అవుతారు. పౌరస్మృతి ప్రకారం తెలిసి కొన్న లోపానికి అమ్మకందారును నిలదీయలేరు. ప్రజాచట్టం ప్రకారం శుద్ధి భారంలో ఎక్కువ వాటా మోయవలసిరావచ్చు.

గడువుల లెక్క కూడా చిన్నది కాదు. భవనం, స్థలం లోపాలకు వేర్వేరు కాలపరిమితులున్నా, మోసపూరితంగా దాచిన సందర్భంలో సంగతి తెలిసిన ఏడాది ముగిసిన నాటి నుండి మూడేళ్ళ సాధారణ గడువు వర్తిస్తుంది. అమ్మకందారుకు తెలుసునని నిరూపించే భారం మాత్రం కొన్నవారిదే. పాత యజమాని మరణించి, ఎక్కడో దూరాన ఉన్న వారసులు అమ్మిన ఇంటి విషయంలో ఆ నిరూపణ దాదాపు అసాధ్యం. తెలియనివాడు చెప్పనక్కరలేదు, తెలుసుకొని తీరాలని కూడా పౌరస్మృతి అతడిని నిర్బంధించదు. తెలిసీ చెప్పనివాడిని కఠినంగా పట్టుకొనే ఈ వ్యవస్థ, తెలుసుకోవడానికి ఇష్టపడనివాడిని సులువుగా వదిలేస్తుంది. జర్మన్ సూత్రంలోని అతి పెద్ద ఖాళీ ఇదే.

భూమి పుస్తకంలో లేని పేజీ

జర్మనీలో ప్రతి స్థలానికీ 'గ్రుంట్‌బూఖ్' అనే అధికారిక భూమి పుస్తకంలో పుటలుంటాయి. యజమాని ఎవరు, తనఖా ఎంత, దారి హక్కు ఎవరిది వంటివన్నీ అందులో ఉంటాయి. రూర్ ప్రాంతంలో గనుల వల్ల నేల కుంగితే పరిహారం అడగబోమని పాత యజమానులు ఇచ్చిన హామీలు కూడా అనేకచోట్ల ఆ పుస్తకంలో నమోదై ఉన్నాయి. 2018 డిసెంబరులో బొట్రోప్‌లోని ప్రోస్పెర్-హానియెల్ గని మూతపడటంతో జర్మనీలో నల్లబొగ్గు తవ్వకం ముగిసింది. కుంగిన నేల మునిగిపోకుండా నీటిని తోడే పంపులు మాత్రం ఎప్పటికీ ఆగరాదు. కాని నేల కలుషితమైందా అన్న సంగతికి భూమి పుస్తకంలో స్థానం లేదు. ప్రభుత్వ ధనంతో శుద్ధి చేసినందువల్ల పెరిగిన విలువను యజమాని తిరిగి చెల్లించవలసిన పరిమిత సందర్భంలో మాత్రమే ఒక గుర్తు పడుతుంది.

కాలుష్యం సమాచారం వేరే చోట ఉంటుంది. జిల్లా, నగర అధికారులు నడిపే 'ఆల్ట్‌లాస్టెన్' రిజిస్టర్లలో దేశవ్యాప్తంగా రెండున్నర లక్షలకు పైగా అనుమానిత స్థలాలు నమోదై ఉన్నాయి. 1994లో వచ్చిన పర్యావరణ సమాచార చట్టం తరువాత అధికారుల వద్ద ఉన్న ఇటువంటి సమాచారాన్ని అడిగే హక్కు విస్తరించింది. యజమాని సమ్మతిపత్రం తీసుకొని నగర కార్యాలయానికి దరఖాస్తు పెడితే, కొద్దిపాటి రుసుముతో లిఖితపూర్వకమైన జవాబు వస్తుంది. చిక్కల్లా అడగాలని తెలియడంలోనే ఉంది. రిజిస్టరులో పేరు లేకపోవడం కూడా నేల శుభ్రమని హామీ కాదు. అనుమానించడానికి ఇంతవరకు ఆధారం దొరకలేదని మాత్రమే అర్థం.

పొరుగున ఉన్న ఫ్రాన్సు మరొక దారి పట్టింది. 2003 నాటి చట్టాన్ని అనుసరించి 2006 జూన్ నుండి అక్కడ ప్రమాదప్రాంతాలలో ఇల్లు అమ్మేవారు వరద, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం వంటివాటి వివరాల పత్రాన్ని ఒప్పందానికి జతచేయాలి. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ళ విషయంలో సీసపు రంగుల సంగతి చెప్పాలన్న సమాఖ్య నియమం 1996 నుండి అమలులో ఉంది. జర్మనీలో ఇంటిని చూడవచ్చినవారికి శక్తి వినియోగ పత్రం చూపించడం తప్పనిసరి. ఆ ఇల్లు ఏడాదికి ఎంత వేడిని ఖర్చుపెడుతుందో దానిలో ఉంటుంది. ఆ ఇల్లు దేని మీద నిలబడి ఉందో చెప్పే పత్రం మాత్రం ఇంకా పుట్టలేదు.

రేడాన్ వాయువు ఈ లోటుకు మంచి ఉదాహరణ. సాక్సనీలోని ష్నేబెర్గ్ గనికార్మికులను శతాబ్దాలుగా పీడించిన 'ష్నేబెర్గ్ జబ్బు' ఊపిరితిత్తుల క్యాన్సరేనని 1879లో ఇద్దరు వైద్యులు తేల్చారు. దాని వెనుక ఉన్న రేడాన్ నేలలో నుండి ఇళ్ళ నేలమాళిగలలోకీ చేరుతుంది. 2018 చివర అమలులోకి వచ్చిన వికిరణ రక్షణ చట్టం ఘనమీటరు గాలికి 300 బెక్వెరెల్‌లను ప్రమాణస్థాయిగా పెట్టి, రేడాన్ ఎక్కువగా ఉండే ప్రాంతాలను గుర్తించమంది. అక్కడ పని చేసే చోట్ల కొలతలు తప్పనిసరి. పాత ఇంటి యజమాని మాత్రం కొలవనక్కరలేదు. కొలవనివాడికి తెలియదు, తెలియనివాడు చెప్పనక్కరలేదు.

చెప్పడం అంటే చేరవేయడం

చెప్పిన మాట వినేవారికి చేరిందా అన్న ప్రశ్నకు 2023 సెప్టెంబరు 15న సమాఖ్య న్యాయస్థానం జవాబిచ్చింది. హనోవర్‌లోని ఈమె-సెంట్రుమ్ అనే పెద్ద భవనసముదాయంలో కొన్ని వాణిజ్య విభాగాలు 2019 మార్చిలో చేతులు మారాయి. భారీ మరమ్మతు ఖర్చుల ప్రస్తావన ఉన్న సమావేశపు నివేదికను అమ్మకందారు ఒప్పందానికి ముందు శుక్రవారం నాడు ఆన్‌లైన్ పత్రాల గదిలో పెట్టాడు; సంతకం సోమవారం జరిగింది. పత్రాలు అందుబాటులో ఉంచినంత మాత్రాన చెప్పినట్టు కాదన్నది తీర్పు. కొన్నవారు ఆ పత్రాన్ని చూస్తారని నమ్మడానికి తగిన కారణం ఉన్నప్పుడే ఆ బాధ్యత తీరుతుంది. వివాదం పర్యావరణానికి చెందినది కాకపోయినా, సూత్రం కలుషితమైన పెరటికీ వర్తిస్తుంది.

ఈ నలభై ఏళ్ళ చరిత్రలో జర్మన్ న్యాయం నిలకడగా ఒక దిశలోనే నడిచింది. దాచడం నుండి మాట దాటవేయడం దాకా, మాట దాటవేయడం నుండి కాగితాల కుప్పలో మాటను పారేయడం దాకా, మౌనానికి ఉన్న చాటులన్నింటినీ ఒక్కొక్కటిగా మూసివేసింది. మూయనిది ఒక్కటే: అజ్ఞానపు చాటు. దానిని మూయవలసిన పని ప్రస్తుతానికి కొనేవారి మీదే ఉంది. దస్తావేజు ముసాయిదా చేతికి వచ్చినప్పుడు దానితోపాటు పాత పటాలు, నగర రిజిస్టరు జవాబు, వరద పటం, కట్టిన సంవత్సరాన్ని బట్టి గోడల సంగతి అడిగి తెప్పించుకోవడం, అమ్మకందారుకు వేసిన ప్రశ్నలను, వచ్చిన జవాబులను రాతపూర్వకంగా ఉంచుకోవడం అందువల్లనే అవసరం. అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పినవారిని న్యాయం వదలదు. బ్రాకె కుటుంబాలకు అడగాలన్న ఊహ కూడా రాలేదు, ఎందుకంటే ప్లాను మీద ఊరి ముద్ర ఉంది. ఆ ముద్ర చాలదని వారి నష్టం ఒక దేశానికి నేర్పింది.